తుపాకుల తర్వాత నా కత్తిపీట

ఇండియా నుంచి అమెరికాలో మోరిస్‌విల్‌లోని మా ఇంటికి తిరిగి వస్తూ, మధ్యలో ఫ్లైట్ మారాల్సిన ఎయిర్‌పోర్టులో పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దగ్గర నిలబడ్డాం. మా ముందున్న అమెరికన్ పెద్దాయన పొడవాటి పెట్టెలో రెండు వేట తుపాకులున్నాయి. ఆఫ్రికాలో వేటాడి వస్తున్నాడట. ఆఫీసరు వాటి నంబర్లు సరిచూసి, "వేట బాగా సాగిందా సార్?" అని నవ్వుతూ పలకరించి, ఇక వెళ్ళొచ్చన్నాడు.

నా పెట్టె తెరవగానే ఆ నవ్వు మాయమైంది. పాత చీరలో చుట్టి తెచ్చుకున్న కత్తిపీటను బయటికి తీశాడు. రాజమండ్రిలో కమ్మరి చేత దగ్గరుండి చేయించుకున్నది.

"ఏమిటిది? ఆయుధమా?"

"కూరగాయలు తరిగేది," అన్నాను.

నమ్మలేదు. ఎలా తరుగుతారో చూపించమన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "చూశారా అండీ? ఆయన తుపాకులు ఓకే, నా కత్తిపీట ప్రాబ్లమా?" అన్నాను మావారితో.

"ఆర్గ్యూ చెయ్యకు, ఫ్లైట్ మిస్ అవుతాం. కూర్చుని చూపించెయ్," అన్నారాయన.

అంతమంది మధ్య నేలమీద కూర్చున్నాను. పీటను కాలితో తొక్కిపట్టి, చేతిలో లేని వంకాయను కత్తికేసి కోసి చూపించాను. ఆఫీసరు తల గోక్కుని, సరే తీసుకెళ్ళమన్నాడు.

నేను లేచేసరికి, పక్కనే తుపాకుల పెట్టెకు తాళం వేసుకుంటున్న ఆ పెద్దాయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"జాగ్రత్త మేడమ్," అన్నాడు. "అది చాలా డేంజరస్‌గా ఉంది."