పాతది ముందు తెరువు

ఇప్పుడు నా ఉద్యోగమంతా లైనక్స్ మీదే. అయినా, దాన్ని మొదట నా ల్యాప్‌టాప్‌లో ఎక్కించిన షాపు అన్న గుర్తొచ్చేది పాత విండోస్ తెరిచినప్పుడే.

సిరిసిల్లలో ఆయనది కంప్యూటర్లు బాగుచేసే షాపు. ఎవరి మిషన్ ముట్టుకోబోయినా ముందు ఒకటే అడిగేవాడు: “గిండ్ల పోతె మల్ల రానిది ఏమన్న ఉన్నదా?”

నా కోర్సుకు ల్యాప్‌టాప్‌లో లైనక్స్ కావాలి, అందులో ముందే ఉన్న విండోస్ పోకూడదు. మరో షాపులో మొత్తం తుడిచేయాల్సిందే అన్నారు.

“అమ్మ చర్చిల పాడిన పాటలున్నయన్నా. అమ్మ ఇప్పుడు లేదు.”

కీబోర్డు మీది చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పాటలను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాడు. అంతటితో ఊరుకోలేదు. పక్క సందులో బట్ట నేసే సాంచాలు మోగుతుంటే తలుపు మూసి, ఫ్యాను ఆపి, పెన్‌డ్రైవ్ నుంచి ఒక పాట పెట్టాడు.

“కాపీ అయిందని మిషన్ చెప్తె నమ్మద్దు చెల్లె. నువ్వు ఇని చెప్పు.”

చెమటలు కారుతున్నా పాట అయ్యేదాకా కదల్లేదు. ఆ తర్వాతే డిస్కులో కొంత జాగా విడదీసి లైనక్స్ ఎక్కించాడు.

ల్యాప్‌టాప్ మళ్లీ ఆన్ చేస్తే తెర మీద లైనక్స్, విండోస్ అని రెండు పేర్లు కనిపించాయి. ఆత్రంగా కొత్తది నొక్కబోయాను.

“ఆగు చెల్లె, ముందుగాల పాతది తెరువు.”

తెరిచాను. అమ్మ పాటలు అక్కడే ఉన్నాయి. నేను ఏదీ నొక్కకముందే ఆయన లేచి మళ్లీ ఫ్యాను ఆపాడు.