ఊదా మందుకు పల్లినూనె

పిల్లల తలలు ఎండి పీచులైనా సరే, పల్లినూనె సీసా అడుగున మా ఆయన చేతులకు రెండు చుక్కలు దాచేదాన్ని.

మాది బట్టలుతికే ఇల్లు. ఏ బట్ట ఎవరిదో తెలియడానికి మూలన జీడిగింజ రసంతో గుర్తు పెట్టేవాళ్లం. ఆ రసం తగిలితే చర్మం పొక్కుతుంది. అందుకే ముందు చేతులకు నూనె పట్టించాలి. మా మామ నేర్పిన జాగ్రత్త అది. డెబ్బైలలో పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో చేరాక కూడా మా ఆయన దాన్ని వదల్లేదు. పుండ్లకు పూసే ఊదా మందు అక్కడ తయారయ్యేది. ఆ పొడిని జల్లెడ పట్టి డ్రమ్ములకెత్తడం ఆయన పని. చేతులకు తొడుగులు ఇచ్చిన పాపాన పోలేదు. టెంపరవరీ పని. పర్మనెంట్ చేస్తామన్నారు. ఆ మాట పట్టుకునే బతికాం.

రంగు మోచేతుల దాకా ఎక్కింది. సబ్బుకు పోలేదు, కిరోసిన్‌కూ పోలేదు.

"రేవు కాడికి రారా, బట్టలల్ల ఏసి నిన్ను గూడ ఉతుకుత," అని మా మామ ఎగతాళి చేసేవాడు.

తర్వాత వేళ్లు మొద్దుబారాయి. తడిబట్టల మూటను ఒక్కడే ఎత్తి గాడిద మీద వేసిన మనిషి, డ్రమ్ము దొర్లించి గోడకు ఆనుకునేవాడు.

ఒక మధ్యాహ్నం సద్ది తీసుకుని వెళ్లాను. తిన్నాక షెడ్డు ముందు కూర్చుని చేతులకు నూనె రాసుకుంటున్నాడు. లోపలి నుంచి కెమిస్టు సారు వచ్చాడు.

"ఏందయ్యా అది?"

"పల్లినూనె సారు. రంగు లోపటికి పోకుండ."

"అరే పిచ్చోడా! ఆ పొడికి నూనెంటే పాణం. నూనె తోడుంటే తోలు దాటి పోతది. రోజూ సూస్తున్న, మీ దిక్కు ఏదో ఆచారమనుకున్న."

"జెర అడగకపోయినవా సారూ?" అన్నాను.

"నువ్వూకోవే," అని మా ఆయన కసిరాడు. పర్మనెంట్ ఎక్కడ పోతుందోనని.

నూనె మానేశాడు. పర్మనెంట్ చేసే ముందు నిండు డ్రమ్ము ఎత్తి చూపమన్నారు. మోకాలి దాకా లేపి దించేశాడు. రేపటి నుంచి రావద్దన్నారు.

నేను అక్షరాలు దిద్దింది నెత్తి నెరిశాక. ఈమధ్య పేపర్లో ఒకటి కూడబలుక్కుని చదివాను. మన ఒంట్లో కణం కణానికీ శక్తి పుట్టించే చిన్న కొలుములు ఉంటాయట, మైటోకాండ్రియా అంటారు. కొవ్వులో కలిసే గుణం, పైన ధన విద్యుత్తు ఉన్న పదార్థాలు నేరుగా ఆ కొలుముల్లోకి చొరబడతాయట, ఎక్కువైతే వాటిని చల్లార్చేస్తాయట. ఊదా మందుదీ అదే జాతి. ఇప్పుడు అలాంటి వాటికే వేరే మందులు తగిలించి, లోపలికి పంపి రోగాలు బాగు చేయాలని చూస్తున్నారట. బాగు చేస్తే మంచిదే. మాకు మాత్రం ఏం మిగిలింది?

మా ఆయనకు చదివి వినిపించాను.

"సారుకు గప్పుడే తెల్సా గిదంత?"

"కొలుముల సంగతేమో గని, నూనె సంగతి తెల్సు."

"మరి దినాం నా పక్కకెల్లే పోతుండె గద," అన్నాడు.