మా బావగారి దాహం

మా అక్క మొగుడు, మా బావగారు పోయారన్న కబురు కొవ్వూరు నుంచి పడవలో వచ్చింది. తెచ్చిన సరంగు చెప్పవలసింది చెప్పి, "దాహంతో మాత్రం పోలేదండి, చివరిదాకా మంచినీళ్లు తాగుతూనే ఉన్నారు" అన్నాడు. ఇంకెవరింట్లోనైనా ఆ మాటంటే తంతారు. మాకు అంతకు మించిన ఓదార్పు లేదు.

పెళ్లైన కొత్తలో ఆయన చెరుకు బండి మీంచి తలకిందులుగా పడ్డారు. తలకట్టు విప్పిన నాటి నుంచి దాహం పట్టుకుంది. బిందె ఎత్తితే దించేవారు కారు. తాగింది ఒంట్లో నిలిస్తే బాగుండును, నిలవదు. కంచె వెనక్కొకసారి, బిందె దగ్గరికొకసారి. పడవ ప్రయాణంలో ప్రతి లాకు దగ్గరా దిగేవారు. "ఇన్ని లాకులు పెట్టారంటే కాలవ తవ్వించిన దొరలకి మనిషి కష్టం తెలుసురా" అనేవారు. నరసాపురంలో నీళ్లు ఉప్పనని పెళ్లికి కడవలతో దిగితే, ఆడపెళ్లివారు సారె అనుకుని పసుపు రాసి లోపల పెట్టేశారు. ఆ కథలోకి వెళితే అసలు సంగతి మిగిలిపోతుంది.

ఊళ్లో వైద్యులు ఆచారిగారు పరీక్షించనిదే మందిచ్చేవారు కారు. "మధుమేహమైతే మూత్రానికి చీమలు పడతాయి. ముంతలో పట్టి పెరట్లో పెట్టండి" అన్నారు. అక్క ముంత ఇచ్చింది. పొద్దెక్కేసరికి చీమలు బారులు తీరాయి. ఆచారిగారు తల పంకించి తీపి మాన్పించారు, అన్నం మాన్పించారు, చివరికి నీళ్లు కూడా మాన్పించారు. "పూటకో గుక్కెడు చాలు. పోసేది లేకపోతే పోయేదీ ఉండదు."

తర్కం బాగానే ఉంది. ఒళ్లే వినలేదు. లోపలికి నీళ్లు ఆగాయి గాని బయటికి పోవడం ఆగలేదు. మర్నాటికి నాలుక పిడచ కట్టింది, కళ్లు గుంటలు పడ్డాయి, జ్వరం కాసింది. ఎవరు పలకరించినా "కాలవ వదిలారా?" అనేవారు. ఇరుగుపొరుగు గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అక్క తాళి గుప్పిట్లో పట్టుకు కూర్చుంది.

కూర్చున్నదల్లా లేచి, పెరట్లో పారబోసి పడేసిన ముంతను చూసింది. ఖాళీ ముంతకి కూడా చీమలే! అక్కవాళ్లది బెల్లం వండే ఇల్లు. చెరుకు రసం పట్టని కుండ ఆ ఇంట్లో లేదు. మట్టి ముంత ఒకసారి పీల్చుకున్న తీపిని ఎంత కడిగినా వదలదు. అక్క దాన్ని తోమి, గోదావరి నీళ్లు పోసి, మళ్లీ అక్కడే పెట్టింది. చీమలు మళ్లీ వచ్చాయి. అప్పుడు ఆచారిగారిని పిలిపించింది.

"ఏంటండీ ఆచారిగారూ, గోదావరికి కూడా మధుమేహమేనా?"

ఆయన ముంతను చూశారు, చీమలను చూశారు, లోపలికి వెళ్లి తన చేత్తోనే బావగారి నోట్లో నీళ్లు పోశారు. చెంబు తరవాత చెంబు. సాయంత్రానికి రోగి లేచి కూర్చున్నాడు.

"చీమల మాట విని మనిషిని చంపబోయారు కదండీ!" అన్నాను నేను.

"చీమలు అబద్ధమాడలేదయ్యా. ఆడింది మీ ముంత."

తరవాత రాజమండ్రి ఆసుపత్రిలో డాక్టరుగారు చూసి, ఇది చక్కెర లేని అతిమూత్రమనీ, తలకు దెబ్బ తగిలినవారికి ఒక్కొక్కప్పుడు వస్తుందనీ, లోపల చెడిందేమిటో ఇంకా ఎవరికీ తెలియదనీ, మందు లేదు గనుక దాహమేసినప్పుడల్లా తాగమనీ చెప్పారు. "తెలియదని చెప్పిన వైద్యుణ్ని మొదటిసారి చూశానురా, గొప్పవాడు" అని బావగారు మెచ్చుకున్నారు. అలా తాగుతూనే మనవల్ని ఎత్తారు. గుమ్మంలోకి ఎవరొచ్చినా, కులాసా అడగకముందే మంచినీళ్లిచ్చేవారు. "అడిగేదాకా ఆగకూడదు. అడగాల్సినవాడికి అప్పటికి నాలుక లేవదు" అనేవారు. ఆ ఇంటి నుంచి నేను నేర్చుకున్న మర్యాద అదొక్కటే.

ఆయన పోయిన పదో నాడు కొవ్వూరు రేవులో మా మేనల్లుడు నువ్వులతో మూడు దోసిళ్ల నీళ్లు వదిలి గట్టెక్కబోయాడు.

"అంతేంట్రా?" అంది అక్క.

"శాస్త్రానికి అంతే చాలమ్మా" అన్నారు పురోహితులు.

"శాస్త్రానికి చాలునండి. ఆయనకి చాలదు."

వాడికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బిందె పుచ్చుకుని మళ్లీ నడుం లోతుకు దిగి, నిండా ముంచి, తలపైకెత్తి ధారగా వదిలాడు. బిందె ఖాళీ అయింది. వాడు వెనక్కి తిరిగి తల్లి కేసి చూశాడు. గట్టు మీద నుంచి అక్క చేయి ఊపింది, ఇంకొకటి పొయ్యమని.