కుమారస్వామన్న పేర్ల పిచ్చి

మా కుమారస్వామన్నకు ఒకటే పిచ్చి. పేరు వినగానే దాని అసలు అర్థం తేల్చాలి. ఆ తర్వాత మనిషిని ఆ అర్థంతోనే పిలవాలి. తాండూరులో మా ప్రెస్సుకు పెళ్లికార్డుల కోసం వచ్చేవాళ్లు ముందు ఆ గండం దాటాలి. ఆయన కంప్యూటరు మీద వేలు పెట్టేది ఆ తర్వాతే.

బొంరాస్‌పేట నుంచి గొర్రెల కాపరి భీమప్ప వచ్చాడు. భీమమంటే భయంకరమని అర్థం. "రా భయంకరా, కూసో" అన్నాడు అన్న. భీమప్ప గుమ్మంలోనే ఆగి, తన వెనకాల ఎవరొస్తున్నారోనని తిరిగి చూశాడు. బిందు అనే అమ్మాయిని అన్న "చుక్కా" అన్నాడు. ఆమె సిరా అంటిందేమోనని మొహమంతా తుడుచుకుంది.

ఒకసారి నేను కాగితం కొనడానికి వికారాబాద్ వెళ్లాను. మధ్యాహ్నం అన్న ఫోన్ చేశాడు.

"కార్డులు తీస్కపోయిండు, దేవుని తోడు."

"ఒట్టెందుకన్నా? నమ్ముత గని, ఎవరు తీస్కపోయిండ్రు?"

"దేవుని తోడు!"

"పేరు చెప్పన్నా!"

"చెప్తనే ఉన్న గద!"

పరేషానై రైలెక్కి వచ్చాను. తీసుకెళ్లింది ఇమ్మానుయేలు. దేవుడు మనకు తోడని ఆ పేరుకు అర్థమట.

ఆ వారమే కోట్‌పల్లి నుంచి రచన అనే అమ్మాయి తన పెళ్లికార్డు రాసుకుని వచ్చింది. అన్న కాగితం చూశాడు.

"తల్లి పద్మ. తామరపువ్వన్నట్టు. ఏడుంది?"

"బయట బల్ల మీద కూసుంది."

"తామరమ్మా!" అని కేకేశాడు. జవాబు లేదు. "పద్మమ్మా!" అన్నాడు. అయినా ఆమె కదల్లేదు.

రచన తల దించుకుంది. "అమ్మ పేరు పెంటమ్మ అన్నా. గా పేరు కార్డు మీద ఎట్లేస్తం? అత్తగారోళ్లు నవ్వుతరు."

అన్న లేచి బయటికి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు. "అక్కా, నీకన్న ముందు ఎంతమంది పుట్టిండ్రు?"

"ముగ్గురు. ఒక్కలు దక్కలె. నేను పుట్టంగనె పెంటకుప్ప మీద పండవెట్టి మల్ల ఎత్తుకొచ్చుకున్నరంట. పారేసిన పిల్లనుకోని సావు నన్ను సూడకుంట పోవాలెనని."

"విన్నవా బిడ్డా?" అన్నాడు అన్న, గుమ్మంలో నిలబడ్డ రచనతో. "గీ పేరుకర్థం చెత్త గాదు. 'గీ పిల్లనన్న బతకనియ్యి' అని మొక్కుడు. రా బతుకమ్మా, లోపలికి రా."

ఈసారి కూడా ఆమె కదల్లేదు. ఎవర్ని పిలుస్తున్నారో పాపం అర్థం కాలేదు. రచన కాగితం మీద పద్మను కొట్టేసి, తల్లి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. అన్న కంప్యూటరులో పెంటమ్మ అని టైపు చేశాడు.

"ఏమైందే? నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?"

"లేదమ్మా. నీ పేరు సూడు."

పెంటమ్మకు చదువు రాదు. కూతురు తెర మీద వేలు పెట్టి చూపించింది. ఆమె దగ్గరికి వంగి చాలాసేపు చూసింది.

"గింత సన్నగనా? జర పెద్దగెయ్యరాదు?"

అన్న పెంచాడు.

"ఇంక జర."

ఇంకా పెంచాడు. చివరికి నేనే అడ్డుపడి, పెళ్లికొడుకు పేరుకు కాస్త చోటడగాల్సి వచ్చింది.