కరెంటొస్తే ఎవరిది ముందు

"పెట్టావా, మావా?"

"పెట్టానే. నువ్వింక ఇంటికి పో."

మా ఇద్దరి మధ్య చివరి మాటలు ఇవే. రాళ్ల ఫ్యాక్టరీలో కంప్యూటరు గది కిటికీకి అవతల ఆయన, ఇవతల క్యారేజీ పట్టుకుని నేను. ఏం పెట్టమన్నానో, ఆయన ఏం పెట్టాడో ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. పోలీసులకి చెప్పలేదు, కోర్టులో చెప్పలేదు. నేనన్న మాట వల్ల ఇద్దరు మగవాళ్లు నరికించుకుని చచ్చారు. ఒకడు నా మొగుడు. రెండోవాడి భార్య ఇంకా బతికే ఉంది. ఆమెకు తెలియాలని ఇదంతా చెబుతున్నాను. నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు కాబట్టి మా తమ్ముడి కూతురు రాస్తోంది.

మాది మాచర్ల దగ్గర ఊరు. ఎనభైల చివరి మాట. నాపరాళ్లు కోసి నునుపు పట్టే ఆ ఫ్యాక్టరీ ఇద్దరు అన్నదమ్ములది. మండలం ఎన్నికల్లో అన్న ఒక జెండా పట్టాడు, తమ్ముడు ఇంకో జెండా పట్టాడు. అప్పట్నుంచి ఊళ్లో పెద్దాయన బజారు వేరు, చిన్నాయన బజారు వేరు. పెళ్లి కార్డు మీద ఎవరి పేరు పైనుందన్న దానికి తల పగలడం నా కళ్లతో చూశాను. పొలాలు పంచుకున్నారు గానీ ఫ్యాక్టరీని కోసి పంచుకోలేకపోయారు. క్వారీ పని పెద్దాయన చూసేవాడు, కోత పని చిన్నాయన చూసేవాడు.

మా ఆయన గుంటూరులో ఆరు నెలలు కంప్యూటరు నేర్చుకుని వచ్చాడు. ఊళ్లో ఆ పని తెలిసినవాడు ఆయనొక్కడే కాబట్టి ఇద్దరి పనీ ఆయనే చేసేవాడు. ఒకరి లెక్క ఇంకొకరి కంట పడకూడదని ఒకే కంప్యూటరు పెట్టెలో దాన్ని నడిపించే ఏర్పాట్లు రెండు రకాలు పెట్టించుకున్నారు. పెద్దాయనది యూనిక్స్, చిన్నాయనది డాస్. ఆ పేర్లు నాకు మరిచిపోదామన్నా మరుపు రావు. అవేంటో తెలియక ఒకరోజు అన్నం పెడుతూ అడిగాను.

"మిషను లేవంగానే ఏది కావాలని అడిగిద్ది," అన్నాడు. "డాస్ అని కొడితే చిన్నాయనదాంట్లోకి పోయిద్ది. కాసేపు చూసిద్ది, ఎవరూ ఏం కొట్టకపోతే పెద్దాయనదాంట్లోకి దానంతటదే పోయిద్ది."

"ఎందుకట్టా?"

"ఏదో ఒకదాంట్లోకి పోవాలిగా. హైదరాబాదు నుంచి వచ్చినోడు అట్టా పెట్టిపోయాడు."

సంగతంతా ఇంతే. వేరే ఊళ్లో అయితే నవ్వి వదిలేసేవాళ్లు. మాకు రోజుకి నాలుగుసార్లు కరెంటు పోయేది. వచ్చిన ప్రతిసారీ మిషను లేచి, గదిలో ఎవరూ లేకపోతే, పెద్దాయనదాంట్లో నిలబడేది. చిన్నాయన మేస్త్రీ ఇది కనిపెట్టాడు. గదిలోకి వచ్చి మా ఆయన చొక్కా పట్టుకున్నాడు.

"పెద్దోడిది అడక్కుండా లేచిద్ది. మాది అడుక్కుంటే లేచిద్దా? ఏందిరా ఇది?"

"నేను పెట్టింది కాదు బాబాయ్. వచ్చినోడు పెట్టాడు."

"వాడు పోయాడుగా. నువ్వున్నావుగా."

చెంప మీద కొట్టాడు. ఆ సాయంత్రం ఆయన ఇంటికి వచ్చినప్పుడు బుగ్గ మీద నాలుగు వేళ్లూ తేలి ఉన్నాయి. మర్నాడు పెద్దాయన మనుషులకి ఈ కబురు తెలిసి, వాళ్లూ వచ్చారు. "మార్చావంటే నీ చెయ్యి మార్చాల్సొచ్చిద్ది" అని చెప్పి, వాళ్లొకటి కొట్టి పోయారు.

అప్పుడు ఆయన తెలివిగా ఒక పని చేశాననుకున్నాడు. మిషను లేచాక ఎటూ పోకుండా, ఎవరో ఒకరు వచ్చి పేరు కొట్టేదాకా అడుగుతూనే ఉండేట్టు మార్చాడు. "ఇప్పుడు ఇద్దరూ అడుక్కోవాల్సిందే, నన్ను కొట్టడానికి ఎవడికీ ఏం లేదు" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు నుంచి, కరెంటు రాగానే ముందు ఎవరు గదిలోకి పోయి కొడితే వాళ్లది లేచినట్టు అయింది. ఇక పరుగులు. కరెంటు పోతే చాలు, రెండు పక్షాల మనుషులూ పని వదిలేసి ఆ గుమ్మం దగ్గర కూర్చునేవాళ్లు. ముందు బీడీలతో కూర్చున్నారు, తర్వాత కర్రలతో కూర్చున్నారు. ఒకడి వేళ్లు తలుపు సందులో పెట్టి నొక్కారు. రెండు వేళ్లు నుజ్జయి వేలాడాయి. ఇంకొకడి మోకాలు గడ్డపారతో విరగ్గొట్టారు. అంతకుముందు ఎవరికీ అక్కర్లేని గది, పది అడుగుల గది, దాని ముందు రోజూ నెత్తురు కడిగేవాళ్లు.

మేముండేది పెద్దాయన బజారులో. పంపు దగ్గర ఆడవాళ్లు నా బిందె పక్కకి తన్నారు. "మీ ఆయన చేసిన పనికే మావాడికి కాలు పోయింది" అన్నారు. నా కడుపులో అప్పటికి ఐదో నెల. ఆ రాత్రంతా ఏడ్చి, పొద్దున ఆయనతో అన్నాను.

"పెద్దాయనదే ముందు పెట్టు. ముందున్నట్టే పెట్టు. ఈ బజార్లో బతకాలి మనం."

"ఎవరిది పెడితే వాళ్ల మనిషినైపోతానే."

"అయిపో. ఎవరి మనిషివీ కాకపోతే ఇద్దరూ కొడతన్నారు."

ఆయన చొక్కా తొడుక్కుని పనికి పోయాడు. పెద్దాయన ఆయన్ని ఆ పని చేయమని అడగలేదు. ఇది మాత్రం బాగా రాయి, అమ్మాయ్. పెద్దాయనకి తెలియదు. నేనే అడిగాను.

మధ్యాహ్నం క్యారేజీ తీసుకుని పోయాను. కరెంటు లేదు కాబట్టి ఫ్యాక్టరీ అంతా నిశ్శబ్దంగా ఉంది. అన్నాల వేళ కావడంతో గుమ్మం దగ్గర కూడా ఎవరూ లేరు. కరెంటు పోకముందే మార్చేశాడట. కిటికీలోంచి క్యారేజీ అందించి అడిగాను, ఆయన చెప్పాడు. నేను వెనక్కి తిరిగి, నిలబెట్టిన రాళ్ల వరసల దాకా నడిచాను. చిన్నాయన మనుషులు ఇద్దరు నాకు ఎదురొచ్చారు. ఇద్దరూ మా ఇంట్లో అన్నం తిన్నవాళ్లే. ఎప్పుడూ "అక్కా" అనేవాళ్లు. ఆరోజు పలకరించలేదు. ఒకడి చేతిలో గొడ్డలి, ఒకడి చేతిలో గడ్డపార.

అప్పుడే కరెంటు వచ్చింది. రంపాలన్నీ ఒక్కసారి లేచాయి. నేను కిటికీ దగ్గరికి పరిగెత్తేసరికి తెర మీద పచ్చ అక్షరాలు పారుతున్నాయి. ఎవరూ ఏమీ కొట్టలేదు, అది ఎవర్నీ అడక్కుండా పెద్దాయనదాంట్లోకి పోయింది. అప్పటికే గదిలోకి పోయిన వాళ్లిద్దరూ తెర చూశారు. మా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. మొదటి దెబ్బ మోచేతి కింద పడింది, గడియారంతో సహా చెయ్యి వేలాడింది. రెండోది మెడ మీద. ఆయన నోరు తెరిచాడు గానీ రంపాల మోతలో ఆ అరుపు నాకు వినపడలేదు. ఇప్పటికీ అది ఎట్టా ఉండేదో నాకు తెలియదు.

గుమ్మంలోంచి బయటికి వచ్చినవాణ్ణి పగిలిన నాపరాయి ముక్కతో కొట్టాను. చెవి చీలి బుగ్గ మీదికి జారింది. ఇంకా కొట్టేదాన్ని, రాతి బురదలో జారి పడ్డాను. తెల్లటి బురద. గదిలోంచి ఆయన నెత్తురు వచ్చి అందులో కలిసింది. క్యారేజీలో అన్నం అట్టానే ఉంది.

పెద్దాయన వచ్చి తన కండువా తీసి మా ఆయన మీద కప్పాడు. "మావాడు. నేను అడక్కపోయినా నా పేరు నిలబెట్టి పోయాడు" అన్నాడు. ఊరంతా విన్నది. నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఆయన నీవాడు కాదు, నేను భయపడి చేయించాను అని. కడుపుతో ఉన్న దాన్ని, ఆ బజారులో ఆ కండువా కింద తప్ప నాకు నీడ లేదు. నోరు మూసుకున్నాను.

పదకొండో రోజు కాకముందే పెద్దాయన మనుషులు చిన్నాయన లారీ డ్రైవరుని గురజాల రోడ్డు మీద దింపి నరికారు. వాడికి కంప్యూటరు గది ఎటుందో కూడా తెలియదు. నరికిన వాళ్లు చేతులు కడుక్కుని నేరుగా మా ఇంటికొచ్చారు.

"నీ మొగుడి బాకీ తీర్చాం వదినా. ఇంక అన్నం తిను."

అప్పటిదాకా సరిగ్గా తినని దాన్ని, ఆ పూట కడుపు నిండా తిన్నాను. రెండోసారి కూర వేయించుకున్నాను. ఇది కూడా రాయి. అలా మొహం పెట్టకు, రాయి.

అన్నదమ్ములిద్దరూ పోయారు. ఫ్యాక్టరీ మూతబడింది. డ్రైవరు భార్య మాత్రం అవతలి బజారులో అదే ఇంట్లో ఉంది. వాళ్ల బజారువాళ్లే నా మొగుణ్ణి నరికారని, ఎదురుపడితే తల దించుకుని పోతుంది. తన మొగుడు పెద్దాయన పగకి పోయాడనుకుంటుంది. ఆమె తల దించుకోవడం నేను ఇంక చూడలేను. రేపు పొద్దున ఆమె గడప దగ్గరికి పోదాం. ఆమెకీ చదువు రాదు, నువ్వే చదవాలి. నేను పక్కన నిలబడతాను. కొడితే కొట్టనీ, అడ్డం రాబాకు.

ముందు నాకు చదివి వినిపించు. మెల్లగా చదువు. నా తప్పు ఎక్కడన్నా తగ్గించి రాసుంటే అక్కడ ఆపిస్తాను.