పెద్దవంగరలో నలభై రెండో ఫైలు

మీరు నవ్వినా సరే, ఇది జరిగింది. నేను జనగామలో సైన్సు టీచర్ని. దయ్యాలు లేవని ఏటా ఎనిమిదో తరగతి పిల్లలకు బోర్డు మీద రాసి మరీ చెప్పే మనిషిని. ఆ పాఠం చెప్పే నోటితోనే చెబుతున్నాను... ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు.

పోయిన వానాకాలం. పెద్దవంగరలో లచ్చవ్వ ఇల్లు. లచ్చవ్వ నాకు చుట్టమేమీ కాదు. వరినాట్లు వేస్తూ ఆడవాళ్లు పాడుకునే పాటలు ఆమెకు వచ్చినన్ని ఆ చుట్టుపక్కల ఎవరికీ రావు. రెండేళ్లుగా సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి వెళ్లి, ఆమె పాడుతుంటే లాప్‌టాప్‌లో టైపు చేసుకుంటున్నాను. అయితే ఈ మధ్యే ఆమెకు మతిమరుపు మొదలైంది. పోయినేడు పాడిన పాటే మళ్లీ అడిగితే, "ఏమో బిడ్డా, నోట్లెకు వస్తలేదు" అనేది. అంటే ఆ పాటలు ఇక ఉన్నది నా ఫైల్లోనే. మర్నాడు పొద్దున దాన్ని జనగామలో ప్రెస్సుకు ఇవ్వాలి. పుస్తకం వేస్తున్నాం.

నేను టైపు చేసే ఎడిటర్ అనే ప్రోగ్రాం మా తమ్ముడు రాజు పెట్టిచ్చింది. వాడు భూపాలపల్లిలో కంప్యూటర్లు రిపేరు చేస్తాడు. ఆ ఎడిటర్‌కు ఒక అలవాటు ఉంది. సేవ్ చేసిన ప్రతిసారీ పాత కాపీని పక్కన దాచిపెడుతుంది. అదే పేరు, చివర ఒక నంబరు, వానపాములాంటి వంకర గీత. నేను వాటిని తోక ఫైళ్లు అంటాను. ఫోల్డరు తెరిస్తే ఎక్కడ చూసినా తోకలే. అసలు ఫైలు వెతుక్కోవడానికే తల ప్రాణం తోకకొచ్చేది.

ఆ సాయంత్రం ఏడు దాటింది. వాన. కరెంటు పోయింది. లచ్చవ్వ పొయ్యి దగ్గర చాయ్ పెడుతోంది. ప్రెస్సుకు ఇచ్చే ముందు ఫోల్డరు శుభ్రం చేద్దామనుకున్నాను. తోక ఫైళ్లన్నీ ఒక్కసారే ఎంచుకుని, మళ్లీ వెనక్కి రాకుండా తీసేశాను.

ఫోల్డరు ఖాళీ అయింది.

పూర్తిగా ఖాళీ. అసలు ఫైలు కూడా వాటితోపాటే పోయింది.

పొయ్యి దగ్గర లచ్చవ్వ ఏదో కూనిరాగం తీస్తోంది. ఆమె ముఖం చూడలేక బయట చూరు కిందికి వెళ్లి రాజుకు ఫోన్ చేశాను.

"తోక ఫైళ్ల జోలికి పోవద్దని చెప్పిన కదక్కా."

"తిట్టుడు తర్వాత తిట్టు. పాటలు పోయినయ్‌రా."

"పోలే. నువ్వు ఎప్పుడో గిట్ల చేస్తవని నాకు తెల్సు. అందుకే ఇంకో జాగల గూడ కాపీలు పడేటట్టు పెట్టిన. నేను చెప్పినట్టు ఒక్కొక్కటి తెరువు."

ఫోన్ చెవిన పెట్టుకునే వచ్చి లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. వాడు చెప్పిన దారిన పోతే ఎక్కడో లోపల ఒక ఫోల్డరు కనిపించింది. తెరిచాను. తోకలు... వరసగా, ఒకటి నుంచి నలభై ఒకటి దాకా. వాటిని చూసి అంత సంతోషపడతానని ఎన్నడూ అనుకోలేదు. నలభై ఒకటో దాన్ని తెరిచాను. మొదటి పాట నుంచి చివరి పాట దాకా అన్నీ ఉన్నాయి. నాకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి.

"ముందుగాల పెన్‌డ్రైవ్‌ల ఎక్కియ్యి," అని రాజు ఫోన్ పెట్టేశాడు.

ఎక్కించాను. నలభై ఒక్క ఫైళ్లు. ఎడిటర్ మూసేశాను. పెన్‌డ్రైవ్ తీసి పిడికిట్లో పట్టుకున్నాను. అప్పుడే లచ్చవ్వ పిలిస్తే లేచి వెళ్లి చాయ్ గ్లాసు అందుకున్నాను. నాలుగు అడుగులు... అంతే. ఇంట్లో మేమిద్దరం తప్ప ఎవరూ లేరు.

తిరిగి వచ్చి కూర్చున్నాను.

బయట పొలాల్లో అంతసేపూ అరుస్తున్న కప్పలు ఆగిపోయాయి. అన్నీ ఒక్కసారే. చూరు నుంచి నీళ్లు పడుతున్న చప్పుడు... టప్... టప్...

తెర మీద ఫోల్డరు అలాగే తెరిచి ఉంది. చివరి వరసలో నలభై రెండు అని ఉంది.

మళ్లీ లెక్కపెట్టాను. నలభై రెండే. ఆ ఫైలు పక్కన ఉన్న టైము చూశాను. ఏడూ యాభై రెండు. ఫోన్లో చూశాను... ఏడూ యాభై మూడు.

సేవ్ చేస్తేనే తోక ఫైలు పుడుతుంది. ఎడిటరేమో మూసి ఉంది.

గ్లాసు కింద పెట్టాను. వేలు మీటకు ఆనించి, చాలాసేపు నొక్కలేకపోయాను. చివరికి నొక్కాను. అవే పాటలు. కిందికి జరుపుతూ పోయాను... ఇంకా కిందికి... ఆఖరి పాట అయిపోయాక, కొంత జాగా వదిలి, మూడు వరసలు. పదాల మధ్య ఎక్కడా ఖాళీ లేదు. అక్షరాలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. కూడబలుక్కుంటూ పైకి చదివాను. నా గొంతు నాకే వేరుగా వినబడింది.

"లచ్చవ్వ గాజు కప్పెత్తుకపాయె...
కప్ప పెండ్లికని మేమంత పోతే...
పెండ్లిపిల్ల చేతికి లచ్చవ్వ గాజాయె..."

లచ్చవ్వ పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. మంట వెలుగులో ఆమె ముఖం సగమే కనిపిస్తోంది.

"గది నీకెవలు చెప్పిన్రు?"

"ఎవరూ చెప్పలేదవ్వా. ఇందులో ఉంది."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని దగ్గరికి వెళ్లాను. నవ్వుతోంది. భుజాలు కదిలిపోయేలా నవ్వుతోంది.

"గది మా నర్సి కట్టిన పాట బిడ్డా. నాతోని జోడిగ నాటేసేది. కొత్త కోడల్నప్పుడు బురదల నా గాజు పోయింది. ఇంట్ల ఏమంటరో అని నేను ఏడుస్తుంటే, గక్కడికక్కడ కట్టి పాడింది. నాటు ఆపి అందరు నవ్విన్రు. నర్సవ్వ పోయి పన్నెండేండ్లాయె. గా పాట యాదికి తెచ్చుకుందామని ఎన్ని దినాలు చూసిననో... రాలే."

అని లేచి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, నా దగ్గర లేని వరసలు కూడా పాడింది.

"మొగడొచ్చి అడిగితే లచ్చవ్వ ఏమనె... కప్పకు కానుక పెట్టిన్ననె..."

ఆ గొంతు విని పక్కింటి ఆడవాళ్లు ఫోన్ల లైట్లు పట్టుకుని, నెత్తిన గోనెసంచులు కప్పుకుని వచ్చారు. అడిగి అడిగి మళ్లీ పాడించుకున్నారు. చప్పట్లు కొట్టారు. కరెంటు వచ్చింది కూడా ఎవరూ చూసుకోలేదు. నేను భయపడుతూనే టైపు చేశాను, నవ్వుతూనే టైపు చేశాను. కొన్ని నెలలుగా ఏ పాటా పూర్తిగా పాడలేకపోయిన లచ్చవ్వ, ఆ రాత్రి వరసగా నాలుగు పాటలు పాడింది.

తర్వాత రాజుకు చెబితే, "నువ్వే ఎప్పుడో కొట్టి మర్చిపోయి ఉంటవ్" అన్నాడు.

"నాకు రాని పాట నేనెట్ల కొడతరా?"

"లాప్‌టాప్ జర భూపాలపల్లికి తెస్తవా?" అన్నాడు. తీసుకెళ్లాను. రెండు రోజులు విప్పి చూసి, మళ్లీ బిగించి తిరిగి ఇచ్చేశాడు. లచ్చవ్వ ముందే ఎప్పుడో ఆ పాట పాడిందా, నేను సగం నిద్రలో టైపు చేసి చెరిపేశానా, గడియారం తప్పిందా... ఎన్ని విధాల ఆలోచించినా ఏదో ఒకటి మిగిలిపోతోంది.

పుస్తకం అచ్చయింది. మొదటి కాపీ లచ్చవ్వ చేతిలో పెట్టి, ఆ పాట ఉన్న పేజీ తీసి, "ఇక్కడ నర్సవ్వ పేరు వేశాం అవ్వా" అని చూపించాను. ఆమె ఆ పేరు మీద వేలితో మెల్లగా తడిమింది.

"నర్సికి ఏలిముద్రనే బిడ్డా. ఓనమాలు గూడ రావు," అంది. తర్వాత పుస్తకం మూసి, ముసిముసిగా నవ్వింది. "గక్కడికి పోయినంక నేర్సుకున్నదేమో."