అత్తమ్మ పారబోసిన కూర

మా అత్తమ్మ పోయిన సంగతి నాకు పనిచోట తెలిసింది. తువ్వాళ్ల అంచులు కుట్టే మిషన్ మీద కూర్చుని ఉన్నాను. పక్కింటామె ఫోన్ చేసి, "అక్కా, జల్ది రా. అత్తమ్మ లేస్త లేదు" అంది. అంతకు మించి చెప్పలేదు. నీలం నగర్‌లో మా ఇల్లు చేరేసరికి వాకిట్లో చెప్పులు పేరుకుని ఉన్నాయి. మధ్యాహ్నం బీడీలు చుడుతూ చుడుతూ అట్లాగే గోడకు ఒరిగిపోయిందట. వేళ్లకు ఇంకా పొగాకు పొడి అంటుకుని ఉంది. నేను పక్కన కూర్చుని తడిగుడ్డతో ఒక్కో వేలూ తుడిచాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

కర్మలన్నీ అయిపోయాక మా ఆయన నాతో అన్నాడు: "నీకు రాయొస్తది గదా. అమ్మ గురించి రాయి. నా సంగతి గూడ రాయి, దాయకు." ఆ సంగతి ఆమె తొమ్మిదేళ్లు కడుపులో దాచుకుంది. ఆయన ఒప్పుకున్నాడు కాబట్టే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

నేను సిరిసిల్ల నుంచి, మరాఠీ మాట్లాడే ఈ ఊళ్లో ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది అత్తమ్మ గాలం. బీడీలు చుట్టే ఆడవాళ్లు మా వీధి నిండా ఉన్నారు. కానీ వారానికి ఒక రోజు సంచీలో గాలం పెట్టుకుని, అశోక్ చౌక్‌లో షేర్ ఆటో ఎక్కి, హోట్గి రోడ్డు వైపు ఉన్న చెరువుకు చేపలకు పోయే ఆడమనిషి ఆమె ఒక్కతే. మా మామయ్య బతికున్న రోజుల్లో నేర్పిన పని అది. ఆయన పోయాక కూడా ఆమె మానలేదు. మగ్గం మీద వాడి పారేసిన కండెకు తాడు చుట్టి, గాలానికి తువ్వాలు నూలు కుచ్చు కట్టేది. దాన్ని నాచు పక్కన నీళ్ల మీద కప్ప గెంతినట్టు గెంతించేది. ఆమెకు కావలసింది కొర్రమట్ట. మిగతా చేపలన్నీ ఆమెకు లెక్కలోకి రావు.

"అత్తమ్మా, మా వాళ్లు వింటే నవ్వుతరు" అన్నాను ఒకసారి.

"నవ్వనియ్యి. కూర వండినంక నవ్వుతరా అడుగు" అంది.

ఒకటి రెండుసార్లు నన్నూ తీసుకెళ్లింది. గట్టు మీద కూర్చున్నాక చాలాసేపు గాలం బయటికే తీసేది కాదు. నీళ్లనే చూస్తూ ఉండేది. "ముందుగాల నీళ్లను చూడాలె బిడ్డా. నురుగున్నదా, వాసన వస్తుందా, కప్పలున్నయా. చేప తర్వాత" అనేది. కొర్రమట్ట మనలాగే పైకి వచ్చి గాలి మింగుతుందని, మిగతా చేపలు చచ్చే నీళ్లలో కూడా అది బతుకుతుందని ఆమే చెప్పింది. నాకు అప్పుడు ఆ మాటల మీద శ్రద్ధ లేదు. ఎండ ఎప్పుడు తగ్గుతుందా అని చూస్తూ ఉన్నాను.

మా అమ్మాయికి ఏడాది నిండాక పుట్టువెంట్రుకలు తీయించాం. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాలి కాబట్టి మా అన్న, వదిన, అమ్మ ముందు రోజే సిరిసిల్ల నుంచి వచ్చారు. గుడిలో కార్యం పొద్దున్నే అయిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు మా అన్న అశోక్ చౌక్ దగ్గర దిగి మూడు పెద్ద కొర్రమట్టలు కొనుక్కొచ్చాడు. చెల్లెలి ఇంటికి ఉత్త చేతులతో రావడం ఆయనకు ఇష్టం ఉండదు. "గింత పెద్దయి మా దిక్కు దొరకయి. గంత అగ్గువకిచ్చిండు" అని మురిసిపోయాడు. అత్తమ్మ గుడి నుంచి అటే బీడీల కంపెనీకి పోయింది, చుట్టిన బీడీలు అప్పగించి రావడానికి. ఆమె వచ్చేలోపు నేను కూర వండేశాను.

విస్తళ్లు వేశాం. వడ్డన మొదలైంది. మా ఆయన మాత్రం కూర్చోలేదు. నీళ్లు తెస్తానని ఒకసారి, చాప సర్దుతానని ఒకసారి లేస్తూనే ఉన్నాడు. మా అన్న పాపను ఒళ్లో పెట్టుకుని, ముల్లు తీసి, చేప ముక్కను అన్నంలో మెత్తగా కలిపాడు.

"పిల్లకు చేప వద్దు బావా" అన్నాడు మా ఆయన.

"ముల్లు తీసిన గద, బావా."

"అయినా వద్దు. పిల్లకు వద్దు."

అప్పుడే అత్తమ్మ వచ్చింది. కొడుకు మాట విని గడప లోపల ఒక క్షణం ఆగి, అతని ముఖంలోకి చూసింది. కాళ్లు కూడా కడుక్కోకుండా వంటింట్లోకి పోయి, నేను చెత్తలో వేసిన చేప తల ఒకటి పట్టుకుని బయటికి వచ్చింది. దాని నోరు వేలితో తెరిచి చూసింది.

"అయ్యా, దీన్ని ఏడ గొన్నవ్?" అని మా అన్నను అడిగింది.

"అశోక్ చౌక్‌ల, అత్తమ్మా."

"కొనేటప్పుడు కదులుతుండెనా?"

మా అన్న ఆలోచించాడు. "లేదు. ఎందుకు?"

"కొర్రమట్టను ఎవలైనా బతికున్నప్పుడే అమ్ముతరు. తొట్టిల పెట్టి అమ్ముతరు. దీని నోట్ల గాలం గుచ్చిన జాడ లేదు. వల జాడ గూడ లేదు. దీన్ని ఎవలు వట్టలేదు. ఇది సచ్చి తేలింది."

ఆ మాట అని మళ్లీ కొడుకు వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు. అంతే. ఆమె పాప ముందున్న అన్నం తీసేసింది. మా అమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోతుండగానే అందరి విస్తళ్లూ ఎత్తేసింది. పొయ్యి మీది గిన్నె గుడ్డతో పట్టుకుని వెనక వాకిట్లోకి తీసుకుపోయి గుంటలో పారబోసి, కుక్కలు ముట్టకుండా దాని మీద ఫినాయిల్ పోసింది.

మా అన్న లేచి నిలబడ్డాడు. "నేను దెచ్చింది మీరు గుంటల వోస్తరా?"

నిజం చెప్పాలంటే అత్తమ్మ కొడుకు పేరు ఎత్తాలి. "నాకు అనుమానమొచ్చింది, వోసిన. తప్పైతే నాది" అంది.

"ఇగ నేను ఈ గడప తొక్క" అని మా అన్న చెప్పులు వేసుకున్నాడు. వదిన, నా వైపు చూసి కళ్లు తుడుచుకుంటూ మా అమ్మ, ఆయన వెనకే పోయారు. నేను పాపను పట్టుకుని ఆ ఖాళీ చాపల మధ్య నిలబడి ఉన్నాను. అత్తమ్మను ఆ రోజు అనరాని మాటలు అన్నాను. ఇక్కడ రాయలేనివి.

అన్నీ విని, "అయిపోయిందా? పిల్లను పక్కింట్ల ఇయ్యి. చెరువు కాడికి పోదాం పా" అంది. కొడుకుతో, "నువ్వు గూడ" అంది.

ఆటో ఎక్కి ముగ్గురం చెరువుకు పోయాం. గట్టు ఎక్కగానే వాసన కొట్టింది. నీళ్ల మీద తెల్లగా, పరుచుకున్నట్టు చేపలు. చిన్నవి, పెద్దవి, వేలెడంతవి. వాటి మధ్య నల్లటి కొర్రమట్టలు కూడా కొన్ని వెల్లకిలా పడి ఉన్నాయి. పది పదిహేను మంది మోకాటి లోతు నీళ్లలో దిగి బస్తాలు నింపుకుంటున్నారు. వాళ్లలో మా వీధి వాళ్లూ ఉన్నారు. పండగలా ఉంది వాళ్లకు.

అత్తమ్మ గట్టు మీద కూలబడింది. "ఏం ఇడిచిన్రు?" అని కొడుకును అడిగింది.

మా ఆయన అప్పుడు రంగుల కార్ఖానాలో పనిచేసేవాడు. నూలుకు బ్లీచింగ్ కొట్టి, రంగు ఎక్కించే చోటు. పేరు రాయను. ఆయన అన్నాడు: "వాడిన రంగునీళ్ల హౌజు నిండింది. తోడుకపోయే టాంకర్ రాలె. నిన్న పొద్దూకంగ ఈ చెరువుల కలిసే నాలాలకు ఇడవమన్నడు సేటు. నేనే వాల్వు తిప్పిన."

"మీ బావ చేపలు తెచ్చినప్పుడే తెల్సిందా నీకు?"

"అనుమానమొచ్చింది. వేరే చెరువుదేమో అనుకున్న. అందరి ముంగట ఎట్ల జెప్పాలె?"

"పిల్లకొక్కదానికే వద్దన్నవ్" అంది అత్తమ్మ. గొంతు పెంచలేదు. "మీ అత్త తినబోయింది. నీ పెండ్లాం వడ్డిస్తుంది. నువ్వు పిల్లకొక్కదానికే వద్దన్నవ్."

నాకు అప్పుడు అర్థమైంది. నేను అత్తమ్మ పక్కన కూర్చున్నాను. ఆయన వైపు చూడలేకపోయాను.

"పో. కిందికి దిగి వాళ్లకు చెప్పు" అంది ఆమె.

"చెప్తే నా పని పోతది అమ్మా."

"పోతది" అంది. అదేమీ కాదులే అనలేదు. "పోయినా నేనున్న, నీ పెండ్లామున్నది. బీడీలు చుడ్తం. పో."

ఆయన వెంటనే పోలేదు. చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. కింద ఎవరో పెద్ద చేప దొరికిందని ఈల వేశారు. ఒకావిడ నిండిన బస్తా నెత్తిన పెట్టుకుని గట్టు ఎక్కడం మొదలుపెట్టింది. ఆమె మా పక్కకు వచ్చేసరికి మా ఆయన అడ్డం పోయి నిలబడ్డాడు. "ఖాఊ నకా" అన్నాడు ముందు మరాఠీలో, తర్వాత తెలుగులో. "తినకుండ్రి. మా కార్ఖానా నీళ్లు ఈ చెరువుల ఇడిచినం. నేనే ఇడిచిన."

తర్వాత నీళ్ల అంచు దాకా దిగి ఒక్కొక్కరికీ చెప్పాడు. కొందరు బస్తాలు అక్కడే గుమ్మరించి తిట్టారు. ఒకాయన కాలర్ పట్టుకున్నాడు. ఇంకొందరు నవ్వి, బస్తాలు భుజాన వేసుకుని పోయారు. ఆ చేపలు తిన్నవాళ్లకు ఏమైందో మాకు సరిగ్గా తెలియలేదు. ఏమీ కాలేదని కొందరన్నారు, కడుపులో నొప్పి వచ్చిందని కొందరన్నారు. సర్కారు ఆఫీసు వాళ్లు వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకుపోయారు. వాటిలో ఏముందో మాకెవరూ చెప్పలేదు. మేం పారబోసిన కూరలో విషం ఉందో లేదో ఈ రోజుకూ నేను చెప్పలేను.

మరునాడే మా ఆయన పని పోయింది. ఏ రంగుల కార్ఖానా కూడా ఆయన్ను గేటు లోపలికి రానివ్వలేదు. మళ్లీ పవర్‌లూమ్ మీద పని దొరికే దాకా మేమిద్దరం బీడీలు చుట్టాం. అప్పటి దాకా నాకు ఆ పని రాదు. ఆకు కత్తిరించడం, దారం కట్టడం ఆమే నేర్పింది. నేను ఆయనతో మాట్లాడడం మానేశానని గమనించి, ఒక రోజు బీడీల చాట పక్కన పెట్టి అంది: "వాడు భయపడ్డడు బిడ్డా. నేను గూడ భయపడ్డ. మీ అన్నకు మాత్రం ఇది చెప్పకు. చెల్లెను ఇచ్చిన ఇంట్ల బావ గిట్లాంటోడా అని ఆయనకు బువ్వ కుతిక దిగదు. నా మీద కోపముంటే ఉండనియ్యి. ముసల్దాన్ని, ఏమైతది?"

మా అన్న ఆ తర్వాత మా ఇంటికి రాలేదు. పెళ్లిళ్లలో కనిపిస్తే ఆమెను చూడనట్టు పక్కకు తిరిగేవాడు. ఆమె మాత్రం దగ్గరికి పోయి, "బాగున్నవా అయ్యా?" అని అడిగేది. జవాబు వచ్చినా రాకపోయినా అడిగేది.

చెరువుకు పోవడం ఆమె మానలేదు. గాలం మాత్రం ఇంట్లోనే ఉండేది. గట్టు మీద కూర్చుని చూసి వచ్చేది. బీడీలు అప్పగించడానికి పోయే ఆడవాళ్లందరికీ ఒక అలవాటు చేసింది. దారిలో నాలా మీద ఆగి నీళ్ల రంగు చూడాలి. రెండుసార్లు నాలాలో ఎర్రనీళ్లు కనిపిస్తే, ఇరవై మంది చాటలు చంకన పెట్టుకుని కార్ఖానా గేటు ముందు పోయి కూర్చున్నారు. లోపలి నుంచి ఎవరో వచ్చి బతిమాలే దాకా కదల్లేదు.

మూడు వానాకాలాలు గడిచాక ఆమె మళ్లీ గాలం వేసింది. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. నాచు పక్కన నీళ్లు ఒక్కసారి పగిలాయి. తాడు ఆమె అరచేతిని కోసేసింది. వదలమంటే వదల్లేదు. ఇద్దరం కలిసి లాగితే మోచెయ్యి పొడవు కొర్రమట్ట గట్టు మీద పడి, గట్టిగా కొట్టుకుంది. ఆమె దాని నోరు తెరిచి, మొప్పలు చూసి, సంచీలో వేసుకుంది.

ఇంటికి తెచ్చి తనే వండింది. పాపకు నోరూరుతోంది. "రేపు తిందువు" అంది. ఒక్క ముక్క వేసుకుని తినడానికి కూర్చుంది. "నేను తింట. రేపు ఈ యాల్లకు నేను మంచిగుంటే మీరందరు తినుండ్రి."

నేను వద్దన్నాను. వినలేదు. మా ఆయన పవర్‌లూమ్ సాంచాల నుంచి అప్పుడే వచ్చాడు. గిన్నెను, ఆమె ముందున్న కంచాన్ని చూశాడు. చేతులు కడుక్కుని వచ్చి, ఆమె ఎదురుగా కూర్చుని, అదే కంచంలో చెయ్యి పెట్టాడు. ఆమె కొడుకు చెయ్యి పట్టుకుని ఆపబోయి, మళ్లీ వదిలేసింది. తల్లీకొడుకులు ఒక్క ముక్కను పంచుకుని తిన్నారు. మరునాటి దాకా ఇంట్లో ఎవరికీ పని తోచలేదు. వాళ్లిద్దరూ ఎక్కడ కూర్చుంటే నా చూపు అక్కడే ఉంది. మరునాడు పాప కడుపు నిండా తింది.

అత్తమ్మ పోయిందని తెలిసి మా అన్న వచ్చాడు. తొమ్మిదేళ్ల తర్వాత ఆ గడప తొక్కాడు. అప్పటికే దహనం అయిపోయింది. నేను ఆయన్ను పక్కన కూర్చోబెట్టి, మొత్తం చెప్పాను. మా ఆయన అక్కడే తల దించుకుని నిలబడి విన్నాడు.

"ఎన్నిసార్లు అడిగిందో ఆమె, బాగున్నవా అని" అన్నాడు మా అన్న. "ఒక్కసారన్న పలుకకపోతిని."

పదకొండో రోజు సాయంత్రం ముగ్గురం చెరువుకు పోయాం. పని ఏమీ లేదు, ఊరికే. మా అన్న గట్టు మీద ఆగిపోయాడు. మా ఆయన ప్యాంటు మడుచుకుని నీళ్లలోకి దిగి, మోకాళ్ల లోతులో నిలబడ్డాడు. ఎండ వాలింది. ఎంతకూ రాకపోతే మా అన్న పిలిచాడు, "బావా, ఇగ పోదాం పా" అని.

మా ఆయన వెనక్కి తిరగకుండా చెయ్యి కొద్దిగా ఎత్తి ఆగమన్నాడు. నేను అంచు దాకా పోయి చూశాను. వేలెడంత చేప పిల్లలు ఆయన కాళ్ల చుట్టూ గుమిగూడి, పాదాలను పొడుస్తున్నాయి. అవి బెదరకుండా ఆయన ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటున్నాడు.